డోలి ముందు, యంత్రము వెనుక

భద్రాచలపు అడవుల అంచున, మణుగూరు ప్రాంతమున కోయల గాథలను డోలిపై పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది. 2024లో వారు కన్నుమూసిరి. అట్టివారి గళము ఇక ధ్వనిముద్రికలలోనే మిగులును.

నేడు కంప్యూటరులో పాటకు హంగులు కూర్చు ఉపకరణములను ప్లగిన్లందురు. దెబ్బదెబ్బకు ధ్వనిని హెచ్చించి తగ్గించు ప్లగిన్ ఒకటి కలదనుకొందము. సెకనుకు 44,100 నమూనాలు, నిమిషమునకు 120 దెబ్బలు ఉన్నచో దెబ్బకు 22,050 నమూనాలు. పాటను నడుమనుండి వినిపించినపుడు ప్లగిన్ తన సొంత లెక్కనే సాగించినచో తాళము తప్పును. కావున అది ఎప్పటికప్పుడు ప్రధాన సాఫ్ట్‌వేరునడిగి, పాట ఎచటనున్నదో తెలిసికొనవలెను.

అయితే మనిషి చేతి దెబ్బ గడియారము వలె సమముగా నుండదు. డోలి దెబ్బలను గుర్తించి, వాటినిబట్టియే లయ లెక్కను కూర్చవలెను. యంత్రము డోలిని అనుసరింపవలెనే గాని, డోలిని యంత్రమునకు లొంగదీయరాదు.