సహాయక పరికరాలు - మన పట్టభద్రుల బాధ్యత

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. విద్య అనగానే మనం మార్కులు, సీట్లు, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం. అవి కావలసినవే, కాదనను. కానీ పెద్ద చదువు చదివిన మన పిల్లల చదువు మన మొహల్లాలోనే ఉన్న వికలాంగుల ఇంటికి ఎందుకు చేరడం లేదన్న ప్రశ్న ఈ రోజు మీ ముందుంచదలిచాను.

మన సంఘాల్లాంటివి ఏటేటా మూడుచక్రాల బండ్లు, చేతికర్రలు, చెవి మిషన్లు పంచుతున్నాయి. ఇది పుణ్యకార్యం. అల్లాహ్ స్వీకరించుగాక! అయితే ఇచ్చిన బండి మరుసటి ఏడు ఎలా ఉందో వెళ్ళి చూసేవారు తక్కువ. నేను చూసిన ఒక ఇంట్లో బండి మీద బట్టలు ఆరేసుకుంటున్నారు. ఆ ఇంటి గడప ముందు రెండు మెట్లు, బయట సందు మూడడుగులు. బండి ఇంట్లోకి రాదు, సందులో తిరగదు. మరొక ఇంట్లో పాప చెవి మిషన్ బీరువాలో భద్రంగా ఉంది. పెట్టుకుంటే గుయ్‌మని మోత తప్ప మాట వినపడదని తల్లి చెప్పింది. ఆ మిషన్‌ను ఆ చెవికి తగినట్టు సరిచేసేవారు దొరకలేదు. ఇచ్చినవారి మనసులో లోపం లేదు. ఆ మనిషిని, ఆ ఇంటిని, ఆ సందును చూసి ఆలోచించే చదువు అక్కడ లోపించింది.

ఆ చదువుకే సహాయక సాంకేతిక విజ్ఞానం అని పేరు. పేరు పెద్దది గానీ విషయం తేలిక. శరీరంలో ఒక శక్తి తగ్గినవారు తమ పని తాము చేసుకోవడానికి తోడ్పడే సాధనాలను గురించిన విద్య ఇది. చేతికర్ర మొదలుకొని మాట్లాడే కంప్యూటరు వరకు అన్నీ ఇందులోకే వస్తాయి.

మన ధర్మంలో దీనికి పునాది లేదా? హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అంధులు. ఖురాన్‌లోని అబస సూరా ప్రారంభ వాక్యాలు ఆయన విషయంలోనే అవతరించాయి. ఆయన ప్రవక్త (స) వారి ముఅజ్జిన్లలో ఒకరు. ప్రవక్త (స) వారు ప్రయాణమై వెళ్ళినప్పుడు మదీనా బాధ్యతను ఆయనకు అప్పగించిన సందర్భాలున్నాయి. గమనించండి, ఆయనకు దక్కింది జాలి కాదు, బాధ్యత. జాలికి ఒక రోజు చాలు. బాధ్యత అప్పగించాలంటే మాత్రం ఆ మనిషి పని చేయగల ఏర్పాటు ఉండాలి.

ఇక చరిత్ర చూడండి. బ్రెయిలీ లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సులో పుట్టాడు. తండ్రి జీనులు కుట్టేవాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పనిముట్టు కంట్లో గుచ్చుకొని, క్రమంగా రెండు కళ్ళూ పోయాయి. చీకట్లో చదువుకోవడానికి బార్బియే అనే సైనికోద్యోగి 12 చుక్కల లిపిని తయారుచేశాడు. అది వేలికొనకు ఒక్కసారిగా అందదు. చూపున్నవాడు చేసిన లిపిలోని ఆ చిక్కు చూపులేని పిల్లవాడికే తెలిసింది. 1824లో, 15 ఏళ్ళ వయసులో, దాన్ని 6 చుక్కలకు కుదించాడు. ఈనాటికీ ప్రపంచమంతా చదువుతున్నది ఆ 6 చుక్కలనే.

ఉర్దూ ఉపాధ్యాయుణ్ణి గనుక ఇక్కడ ఒక ముచ్చట చెబుతాను. ఉర్దూ బ్రెయిలీని ఎడమ నుంచి కుడికి చదువుతారు. కానీ పలక మీద కాగితం పెట్టి మొనతో చుక్కలు పొడిచేటప్పుడు కుడి నుంచి ఎడమకు పోవాలి. తర్వాత కాగితాన్ని తిరగేసి చదవాలి. అంటే వ్రాయడం ఉర్దూలాగా, చదవడం తెలుగులాగా! రెండు భాషలూ ఎరిగిన మన పిల్లలకు ఇది కష్టమా? నేర్పేవారే కావాలి.

మన దేశంలోనే మరో ఉదాహరణ ఉంది. 1968లో జైపూరులో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ, రామచంద్ర శర్మ అనే చేతిపని నిపుణుడు కలిసి కృత్రిమ పాదాన్ని రూపొందించారు. అంతకుముందు వాడుకలో ఉన్న విదేశీ పాదం బూటు తొడుక్కొని కుర్చీలో కూర్చునేవారికి సరిపోయేది. మన రైతు గొంతుక్కూర్చుంటాడు, బాసింపట్టు వేస్తాడు, వట్టి కాళ్ళతో మడిలో దిగుతాడు. మనమైతే నమాజులో కాళ్ళు మడిచి కూర్చుంటాం. విదేశీ పాదం వీటికి వంగదు. జైపూరు పాదం రబ్బరుతో చేసింది గనుక వంగుతుంది, నీళ్ళలో తడిసినా నిలుస్తుంది. డాక్టరుగారి శాస్త్రజ్ఞానం, పనివాని చేతినేర్పు, రోగి చెప్పిన మాట, ఈ మూడూ కలిస్తేనే అది నిలిచింది. సేథీగారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది.

మోకాలి పైకి కాలు పోయినవారికి పాదం ఒక్కటే చాలదు, మోకీలు కూడా కావాలి. చవక కీళ్ళు నడుస్తుండగా హఠాత్తుగా మడిచి మనిషిని పడేసేవి. మంచి కీలుకు వేల డాలర్లు కావాలి. 2008 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పైచదువులు చదివే కొందరు విద్యార్థులు దీన్ని తమ కోర్సులో ప్రాజెక్టుగా తీసుకున్నారు. జైపూరు సంస్థతో కలిసి పనిచేసి, అక్కడి రోగుల మీద పరీక్షించి, నూనె నింపిన నైలానుతో సుమారు 20 డాలర్లకే మోకీలు తయారుచేశారు. 2009లో టైమ్ పత్రిక దాన్ని ఆ ఏటి ఉత్తమ ఆవిష్కరణల్లో చేర్చింది. ఇది మొదలైంది విద్యార్థుల క్లాసు ప్రాజెక్టుగానే, గుర్తుంచుకోండి.

ఢిల్లీ ఐ.ఐ.టి. విద్యార్థులు అంధుల దగ్గరకెళ్ళి మీ కష్టమేమిటని అడిగారు. కర్ర నేలమీది రాయిని చెబుతుందిగానీ తలకు తగిలే కొమ్మనూ, లారీ వెనుక తలుపునూ చెప్పదన్నారు వాళ్ళు. దాని ఫలితమే 2014లో విడుదలైన స్మార్ట్‌కేన్. మన చెవికి వినపడని శబ్దాన్ని పంపి, ఎదుటి అడ్డు నుంచి తిరిగొచ్చిన దాన్ని పట్టి, చేతిలో వణుకు ద్వారా హెచ్చరిస్తుంది. ఆ ప్రశ్న అడగకుంటే ఆ పరికరం పుట్టేది కాదు.

విద్యార్థి మిత్రులారా! పై తరగతుల్లో స్వతంత్ర అధ్యయనం అనే పద్ధతి ఉంది. విద్యార్థి తానే విషయం ఎంచుకొని, ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో, సెమిస్టరంతా పనిచేసి నివేదిక ఇస్తాడు. మన దగ్గర ప్రాజెక్టు అంటే చాలామందికి దుకాణంలో డబ్బిచ్చి తెచ్చుకునే బైండు పుస్తకమైపోయింది. అమ్మీ గాజులమ్మి, అబ్బా ఆటో తోలి కట్టిన ఫీజుకు ఆ పుస్తకమా ఫలం? దానికి బదులు ఒక మనిషిని ఎంచుకోండి. మొదటి మూడు వారాలు ఏదీ తయారుచేయవద్దు. వెళ్ళండి, కూర్చోండి, చూడండి, అడగండి. తర్వాత కొలతలు తీసి అట్టతో నమూనా చేయండి. ఆయన చేతికిచ్చి వాడమనండి. బాగాలేదంటే నొచ్చుకోకండి, మార్చండి. చెడిపోతే మన ఊళ్ళో మిస్త్రీ బాగుచేయగలడా అని కూడా చూడండి. బాగుచేయలేనిది బీరువాకే చేరుతుంది.

ఒక చిన్న లెక్క చెబుతాను. ర్యాంపుకు అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవుండాలన్నది ప్రమాణం. ఏడేసి అంగుళాల రెండు మెట్లంటే 14 అడుగుల ర్యాంపు కావాలి. మూడడుగుల సందులో 14 అడుగులు ఎక్కడ పెడతారు? గోడ వెంబడి పెట్టాలా, మడత పలకగా చేయాలా, గడపనే తగ్గించాలా? ఇదీ అసలైన ప్రాజెక్టు. మన మసీదు మెట్లకూ, వుజూ చేసే చోటుకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

కొత్తది చేయడం ఒక్కటే అధ్యయనం కాదు. ఎన్.వి.డి.ఎ. అనే సాఫ్ట్‌వేరును 2006లో ఆస్ట్రేలియాకు చెందిన ఒక అంధ యువకుడు మొదలుపెట్టాడు. కంప్యూటరు తెర మీదున్న అక్షరాలను అది గొంతెత్తి చదువుతుంది. ఉచితం. తెలుగు, ఉర్దూ కూడా పలుకుతుంది. ఆ ఉర్దూ ఉచ్చారణ మన పిల్లవాడి చెవికి ఎంత అర్థమవుతుందో పరీక్షించి వ్రాయడం కూడా మంచి అధ్యయనమే. ఈ పని ఇంజనీర్లకే కాదు, బి.ఇడి. చదివే మన ఆడపిల్లలకూ చేతనవుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించింది. సీటు హక్కుగా వచ్చింది సరే, ఆ సీటు దాకా చేరే దారి మన ఇంటి గడప దగ్గరే ఆగిపోతే ఏం లాభం?

సంఘం పెద్దలకు నా మనవులు మూడు. మొదటిది, ప్రతి మొహల్లాలో ఏ ఇంట్లో ఎవరికి ఏ అవసరముందో, ఇంటివారి అనుమతితో, మర్యాదగా జాబితా తయారుచేయాలి. సిగ్గుపడి పిల్లల్ని దాచే ఇళ్ళకు మన స్త్రీలే వెళ్ళాలి. రెండవది, మనం స్కాలర్‌షిప్ ఇచ్చే చివరి సంవత్సరం విద్యార్థుల్ని ఆ ఇళ్ళతో కలిపి, సామాను ఖర్చుకు కొంత సొమ్ము కేటాయించాలి. మూడవది, వారి నివేదికలను వచ్చే సంచికలో అచ్చువేయాలి. పని కుదరనివాటిని కూడా వేయాలి, ఎందుకు కుదరలేదో తెలిస్తే తర్వాతివాడు అక్కడినుంచి మొదలుపెడతాడు.

బండ్లు పంచడం మానవద్దు. పంచేముందు గడప కొలవండి, పంచిన ఆరు నెలలకు మళ్ళీ తలుపు తట్టండి. ఆ తట్టే చెయ్యి మన చదువుకున్న పిల్లలది కావాలని కోరుకుంటున్నాను.