రోడ్డు పక్కన వాదన వద్దు, హక్కు వదలవద్దు

(విదేశాలకు వెళ్తున్న యువకుల కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని కాను. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. కాగితం విలువ, తేదీ విలువ, సంతకం విలువ నాకు ఆ ఉద్యోగం నేర్పింది. మన బస్తీ పిల్లల పాస్‌పోర్టు దరఖాస్తులు, వీసా పత్రాలు నింపిపెట్టే పని ఇప్పటికీ చేస్తున్నాను. వీసా వచ్చేదాకా పడే శ్రమలో పదో వంతైనా, అక్కడి రోడ్డు మీద పోలీసు ఆపితే ఏం చేయాలో తెలుసుకోవడానికి మనం పెట్టడం లేదు. ఈ మాట నా అనుభవం మీద చెబుతున్నాను.

కొన్నేళ్ళ క్రితం టెక్సాస్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఒక రాత్రి దావత్ ముగించుకుని తిరిగి వస్తున్నాం. మా అల్లుడు కారు నడుపుతున్నాడు. నేను ముందు సీటులో ఉన్నాను. వెనక అమ్మాయి, మనవడు. ఉన్నట్టుండి వెనక ఎరుపు, నీలం లైట్లు వెలిగాయి. అల్లుడు కారును రోడ్డు వారగా ఆపాడు. నేను చేసిన పని ఏమిటంటే, తలుపు తీసుకుని కిందికి దిగాను. చేతులు జోడించి పోలీసు వైపు నడవబోయాను. మన ఊళ్ళో అది మర్యాద. అధికారి ముందు కూర్చుని ఉండటం తప్పు, దిగి ఎదురు వెళ్ళి నమస్కరించడం వినయం. కానీ ఆ పోలీసు పెద్దగా అరిచాడు. అతని చెయ్యి నడుము దగ్గరున్న తుపాకి మీదికి వెళ్ళింది. అతను ఏమంటున్నాడో నాకు అర్థం కాలేదు. కారులోంచి మా అమ్మాయి "అబ్బా, హిలో మత్!" అని కేక వేసింది. కదలవద్దని అర్థం. ఆ కేక విని కదలకుండా నిలబడిపోయాను.

తీరా చూస్తే కారు వెనక లైటు ఒకటి వెలగడం లేదట. జరిమానా కూడా లేదు. హెచ్చరిక చీటీ రాసి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు కారు లైటుది. ప్రాణం మీదికి తెచ్చింది మాత్రం నా వినయం. ఇక్కడ మనల్ని కాపాడే అలవాట్లే అక్కడ మనల్ని ప్రమాదంలో పడేస్తాయని అప్పుడు తెలిసింది.

ఇక్కడ మన అలవాట్లు ఏమిటి? బండి దిగి వెళ్తాం. "సార్, సార్" అంటూ దగ్గరికి చేరతాం. తెలిసిన నాయకుడికి ఫోన్ కలుపుతాం. కొందరు లైసెన్సులో నోటు మడిచి అందిస్తారు. చలానా పడితే పడిందిలే అని వదిలేస్తాం. ఈ అయిదింటిలో ఒక్కటి కూడా అమెరికాలో పనికిరాదు. లంచం ఇవ్వజూపడం అక్కడ పెద్ద నేరం. జరిమానాతో పోయే వ్యవహారం జైలు దాకా వెళ్తుంది.

అందువల్ల ముందుగా శరీరం ఎలా ఉండాలో చెబుతాను. లైట్లు కనబడగానే ఇండికేటర్ వేసి, కుడి పక్కకు తీసి, క్షేమమైన చోట ఆపాలి. ఇంజను ఆపాలి. రాత్రయితే కారు లోపలి దీపం వేయాలి. అద్దం దించాలి. రెండు చేతులూ స్టీరింగు మీద కనబడేలా పెట్టాలి. పక్కన కూర్చున్నవాళ్ళు చేతులు డ్యాష్‌బోర్డు మీదనో, మోకాళ్ళ మీదనో ఉంచాలి. దిగమని చెప్పేదాకా దిగకూడదు. అడగకముందే కాగితాల కోసం సీటు కిందికో, సంచిలోకో చెయ్యి పోనివ్వకూడదు. అడిగాక కూడా "లైసెన్సు నా జేబులో ఉంది, తీస్తున్నాను" అని చెప్పి నెమ్మదిగా తీయాలి. ఆ దేశంలో తుపాకి ఎవరి దగ్గరైనా ఉండవచ్చు. కనబడని చెయ్యి అక్కడి పోలీసుకు భయం కలిగిస్తుంది. అతని భయం మన ప్రాణానికి ముప్పు.

దిగమంటే మాత్రం దిగాలి. డ్రైవరును దిగమనే అధికారం పోలీసుకు ఉందని 1977లోనే అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. పక్కన కూర్చున్నవారినీ దించవచ్చని 1997లో చెప్పింది. కాబట్టి "నేనెందుకు దిగాలి?" అనే వాదన దండగ.

ఇక హక్కుల సంగతి. వినయమంటే అన్నిటికీ తల ఊపడం కాదు. లైసెన్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు చూపించి తీరాలి. పేరు అడిగితే నిజం చెప్పాలి. పద్ధెనిమిదేళ్ళు దాటిన విదేశీయులు తమ నివాస హోదా తెలిపే పత్రాలు వెంట ఉంచుకోవాలని అక్కడి చట్టంలో ఉంది. ఆ తర్వాత "ఎక్కడి నుంచి వస్తున్నావు? ఏ మసీదుకు వెళ్తావు? ఎవరెవరు స్నేహితులు?" వంటి ప్రశ్నలు వస్తే జవాబు చెప్పకుండా ఉండే హక్కు ఉంది. "ఐ ప్రిఫర్ నాట్ టు ఆన్సర్" అంటే చాలు. మౌనం హక్కు. అబద్ధం నేరం. ముఖ్యంగా పౌరసత్వం గురించి అబద్ధమాడినా, దొంగ పత్రం చూపినా ఆ దేశంలో ఇక నిలువ నీడ ఉండదు.

రెండవది, కారు సోదా. పోలీసు చాలా మర్యాదగా "కారులో ఒకసారి చూడవచ్చా?" అని అడుగుతాడు. మన పిల్లలు "యస్ సార్" అంటారు. అది ఆజ్ఞ అనుకుంటారు. కానీ అది అనుమతి కోరడం. ఆ దేశ రాజ్యాంగానికి చేసిన నాలుగో సవరణ అకారణ సోదాల నుంచి మనిషికి రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ పౌరులకే కాదు, అక్కడ నివసించే మన పిల్లలకూ వర్తిస్తుంది. అయితే నిరాకరించే హక్కు మీకుందని పోలీసు మీకు చెప్పనవసరం లేదు. ఇది అక్కడి సుప్రీంకోర్టు 1973లో తేల్చిన మాట. కాబట్టి మనకే తెలిసి ఉండాలి. "ఐ డు నాట్ కన్సెంట్ టు ఎ సర్చ్" అని ఒక్కసారి, స్పష్టంగా, గొంతు పెంచకుండా చెప్పాలి. అయినా అతను వెతికితే అడ్డుపడకూడదు. చెయ్యి పట్టుకోకూడదు. చెప్పిన ఆ ఒక్క మాట రేపు కోర్టులో మన పక్షాన నిలుస్తుంది.

మూడవది, సెల్‌ఫోన్. అరెస్టు చేసినా సరే, సాధారణంగా వారంటు లేకుండా ఫోనులోని సమాచారం చూడకూడదని 2014లో తీర్పు వచ్చింది. నాలుగవది, సమయం. చీటీ రాయడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు, తగిన అనుమానం లేకుండా, కుక్కను తెప్పించి వాసన చూపించడానికి ఆపి ఉంచకూడదని 2015లో తీర్పు వచ్చింది. పని అయిపోయిందనిపిస్తే "యామ్ ఐ ఫ్రీ టు గో?" అని అడగండి. అవునంటే నిదానంగా వెళ్ళిపొండి.

ఇప్పుడు చలానా సంగతి. మన తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 చివర మరోసారి పెండింగ్ చలానాలకు పెద్ద రాయితీ ఇచ్చారు. అందువల్ల ఆగితే తగ్గుతుందనే నమ్మకం మనలో నాటుకుపోయింది. నేను కాగితాలు నింపిపెట్టి పంపిన ఒక అబ్బాయి అక్కడ వేగం మించి నడిపి చీటీ తెచ్చుకున్నాడు. ఇక్కడిలాగే డ్రాయరులో పడేశాడు. చీటీ మీద కోర్టు తేదీ ఉంది. ఆ తేదీ దాటితే వారంటు పుడుతుందని అతనికి తెలియదు. కొన్ని నెలల తర్వాత మరో చోట మామూలుగా ఆపినప్పుడు కంప్యూటరులో ఆ వారంటు కనబడింది. చేతులకు సంకెళ్ళు పడ్డాయి. ఒక రాత్రి లాకప్పులో గడిపాడు. వీసా దరఖాస్తులో "ఎప్పుడైనా అరెస్టయ్యారా?" అనే ప్రశ్న ఉంటుంది. ఆ అబ్బాయి ఇక ఎప్పుడు దరఖాస్తు చేసినా "అవును" అని రాయాల్సిందే. డ్రాయరులో పడేసిన ఒక చీటీ చేసిన నష్టం అది.

చీటీ మీద సంతకం పెట్టమంటే పెట్టండి. చాలా రాష్ట్రాల్లో అది తప్పు ఒప్పుకోవడం కాదు, కోర్టుకు జవాబిస్తానన్న హామీ మాత్రమే. జరిమానా కట్టేయడం మాత్రం సాధారణంగా తప్పు ఒప్పుకోవడమే అవుతుంది. కాబట్టి చేయని తప్పుకు చీటీ రాశాడనిపిస్తే తేదీ లోపల కోర్టులో వాదించండి. మద్యం తాగి నడిపిన కేసు మరీ ప్రమాదం. శిక్ష పడకముందే, అరెస్టు కారణంగానే వీసా రద్దు చేసే అధికారం వారికి ఉంది. మనకు అది మతరీత్యానూ నిషిద్ధమే. స్నేహితుడు తాగి నడుపుతుంటే ఆ కారు ఎక్కకండి.

"మా పిల్లలు అమెరికాలో లేరు, గల్ఫ్‌లో డ్రైవర్లుగా ఉన్నారు" అనే తల్లులు ఈ సభలో ఎక్కువమందే ఉన్నారు. మౌనం, సోదా నిరాకరణ గురించి పైన చెప్పినవి అమెరికా చట్టాలు. వాటిని గల్ఫ్ రోడ్డు మీద వల్లించకూడదు. అక్కడ చాలావరకు పోలీసు కంటే కెమెరాయే చూస్తుంది. సౌదీలో జరిమానా ఇఖామా నంబరు మీద నమోదవుతుంది. అది కట్టందే సెలవు మీద ఇంటికి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ దొరకదు. యు.ఎ.ఇ.లో జరిమానాతోపాటు బ్లాక్ పాయింట్లు పడతాయి. 24 పాయింట్లు చేరితే లైసెన్సు పోతుంది. డ్రైవరుకు లైసెన్సు పోతే అన్నం పోయినట్టే. కువైట్‌లో లైసెన్సు లేకుండా నడపడం దేశ బహిష్కరణకు దారితీయవచ్చు. కఫీల్ పంపాడు గనక వెళ్ళానంటే చట్టం వినదు. కోపంలో చేసే సైగ, నోరుజారిన తిట్టు కూడా ఆ దేశాల్లో కేసు అవుతుంది. యు.ఎ.ఇ.లో పోలీసు రిపోర్టు లేకుండా గ్యారేజీవాడు సొట్టపడిన కారును ముట్టుకోడు. కనుక ప్రమాదం చిన్నదైనా రిపోర్టు తీసుకోవాలి. అరబ్బీలో రాసిన కాగితం అర్థం కాకపోతే, అనువాదకుణ్ణి అడగకుండా సంతకం పెట్టవద్దు.

ఏ దేశంలోనైనా వర్తించేది ఒకటుంది. కాన్సులర్ సంబంధాలపై 1963 నాటి వియన్నా ఒప్పందం, 36వ అధికరణం. మన పౌరుణ్ణి నిర్బంధిస్తే, అతను కోరితే, మన రాయబార కార్యాలయానికి ఆలస్యం లేకుండా తెలపాలి. ఇందులో భారతదేశం 1977లో చేరింది. "ఇండియన్ కాన్సులేట్‌కు తెలపండి" అని అడగడం మీ పిల్లల హక్కు. ఇక్కడున్న కుటుంబం విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

మీలో ఒకరి మనసులో ఒక ప్రశ్న ఉండవచ్చు. "గుమాస్తాగారూ, మన పేరు, మన గడ్డం, మన ఆడపిల్లల హిజాబు చూసి ఆపితే కూడా ఇంత అణగిమణగి ఉండాలా?" న్యాయమైన ప్రశ్న. నెమ్మదిగా ఉన్నవారికి అన్యాయం జరగదని నేను అనను. 2015లో అలబామా రాష్ట్రంలోని మాడిసన్ పట్టణంలో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వెళ్ళిన ఒక తాతగారు ఇంటి ముందు రోడ్డు మీద నడుస్తున్నారు. ఇంగ్లీషు రాదు. పోలీసులు ఆయనను నేలకు విసిరికొట్టారు. వెన్నెముక దెబ్బతిని పాక్షికంగా చచ్చుబడిపోయారు. ఆయన కారులో కూడా లేరు. ఆ పోలీసుకు క్రిమినల్ శిక్ష పడలేదు. కానీ ఆ కుటుంబం వదలలేదు. పోలీసు కారులోని కెమెరా దృశ్యాన్నే సాక్ష్యంగా పెట్టుకుని దావా నడిపింది. ఆరేళ్ళ తర్వాత ఆ పట్టణం 17 లక్షల 50 వేల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. పోయిన ఆరోగ్యానికి అది సరితూగదు. అయినా పోరాటం ఎక్కడ నడవాలో ఆ కుటుంబం మనకు చూపించింది.

రోడ్డు పక్కన తుపాకి అతని దగ్గరుంటుంది. కోర్టులో కాగితం మన దగ్గరుంటుంది. కాబట్టి ఇంటికి చేరగానే, మరిచిపోకముందే రాసిపెట్టండి. తేదీ, సమయం, స్థలం, పోలీసు పేరు, బ్యాడ్జి నంబరు, బండి నంబరు, అతనన్న మాటలు, చూసినవారి పేర్లు. దెబ్బ తగిలితే అదే రోజు డాక్టరుకు చూపి ఫోటోలు తీయించండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి నకలు ఉంచుకోండి. అక్కడ అమెరికన్ ముస్లింల కోసం 1994 నుంచి పనిచేస్తున్న కెయిర్ సంస్థ, పౌరహక్కుల సంస్థ ఏ.సి.ఎల్.యు. ఇలాంటి విషయాల్లో సలహా ఇస్తాయి.

చివరగా నాదొక విన్నపం. ప్రయాణానికి ముందు పిల్లల దగ్గర ఇక్కడి లైసెన్సు ఉందో లేదో చూడండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్.టి.ఎ. కార్యాలయంలోనే ఇస్తారు. అది ఏడాదిపాటే చెల్లుతుంది. అసలు లైసెన్సు లేకుండా అది ఒంటరిగా చెల్లదు. అక్కడ స్థిరపడ్డాక ఆ రాష్ట్రం లైసెన్సు తీసుకోవాల్సిందే.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక రెండు కుర్చీలు వేయండి. అబ్బాయినో, అమ్మాయినో డ్రైవరు సీటులో కూర్చోబెట్టండి. తండ్రి పోలీసు కావాలి. తల్లి పక్క సీటులో కూర్చోవాలి, ఎందుకంటే రేపు ఆమె కూడా అక్కడికి వెళ్తుంది. చేతులు ఎక్కడ పెట్టాలి, ఏం చూపాలి, ఏ మాట అనాలి, ఒక్కసారి చేసి చూడండి. నవ్వు వస్తుంది, రానివ్వండి. నేను ఆ కుర్చీల ఆట ముందే ఆడి ఉంటే, ఆ రాత్రి నా కూతురు అలా కేక వేయాల్సిన అవసరం ఉండేది కాదు.

అల్లాహ్ మన పిల్లలందరినీ ప్రయాణాల్లో క్షేమంగా ఉంచుగాక. ఆమీన్. సెలవు.