మంచుకొండపై నేర్చిన మొదటి పాఠము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో మనుచరిత్రమును గూర్చి మాటలాడుమని పెద్దలు నన్ను కోరిరి. మేము హిమాలయమునకు పోయి వచ్చిన ముచ్చట చెప్పుమని పిల్లలు కోరిరి. ఇరుదెఱఁగులవారి కోరికయు ఒక్క ప్రసంగముతోనే తీఱునని నాకు తోఁచినది. ఏలయనఁగా మనుచరిత్ర కథకు మూలము ఒక గృహస్థుని హిమాలయయాత్రయే.

కథ మీరెఱిఁగినదే. అరుణాస్పదపురమున ప్రవరుఁడను బ్రాహ్మణుఁడు కలఁడు. అతిథిగా వచ్చిన సిద్ధుఁడొకఁడు ఆతనికి పాదలేపనము నొసఁగెను. దానిని కాళ్లకు పూసికొని ఆతఁడు క్షణములో మంచుకొండ చేరెను. కన్నులార వింతలు చూచి, ఇంటికి మరలుదమనుకొనునప్పటికి లేపనము మంచున కరగిపోయినది. దారి తెలియదు, పోవు ఉపాయము లేదు. పిదప వరూధిని కనఁబడుటయు, ఆమెను తిరస్కరించి అగ్నిదేవుని వేఁడి ఆతఁడు ఇల్లు చేరుటయు జరిగినవి. ఈ కావ్యము వ్రాసిన పెద్దనకు రాయలు అగ్రహారముగా నిచ్చిన కోకటము మన జిల్లాలో కమలాపురము చెంతనే యున్నది. అందుచేత ఆయన మనకు దూరపువాఁడు కాఁడు.

ఈ గ్రంథాలయపు బల్లమీఁదనే, నిఘంటువును ప్రక్కన నుంచుకొని, నేనీ కావ్యమును చదువుకొంటిని. నాఁడు నాకు ప్రవరుని నిష్ఠ మాత్రమే కనఁబడినది. ఆతని పొరపాటు కనఁబడుటకు నేను స్వయముగా మంచుపై నిలువవలసివచ్చినది.

మనము ఎండ నెఱిఁగినవారము. వేసవిలో మన కడప సీమ ఎండ 40 డిగ్రీలు దాఁటును. మన కంటికానెడి కొండలు నల్లమల కొండలు. పైరుమీఁది తుషారమును, తెల్లవాఱుజామున దారి మూసెడు పొగను, హిమాలయపు గడ్డను అన్నిటిని మనము ‘మంచు’ అను ఒక్కమాటతోనే పిలుతుము. ఇన్నిటికి వేఱువేఱు పేరులు పెట్టవలసిన అవసరము మనకు రాలేదు.

అట్టి మా యింట పిల్లలకు మంచుపై జాఱు ఆటను చూడవలెనని కోరిక పుట్టినది. దానిని స్కీ యందురు. కాశ్మీరమున గుల్మార్గు, ఉత్తరాఖండమున ఔలి, హిమాచలమున మనాలి చేరువనున్న సోలంగు లోయ ఇందులకు పేరుపడినవి. పిల్లల యుత్సాహము చూచి నేను అప్పు చేసియైనను వెంటనే గుల్మార్గు పోవుదమంటిని. జీవితమంతయు లెక్కలు వ్రాసినవాఁడను. అయినను ఆ పూట నా లెక్క తప్పినది. మా యింటి ఇల్లాలు ఒక్కమాట అన్నది: “మంచు కరిగిపోతాది గానీ, వడ్డీ కరుగుతాదా?”

నేను మాఱు పలుకలేదు. రెండేండ్లు కూడఁబెట్టి, మాకు అందుబాటులోనున్న సోలంగునకే పోతిమి. కడపలో రైలెక్కి, నడుమ బండి మాఱి ఢిల్లీ చేరితిమి. అక్కడినుండి 500 కిలోమీటర్లకు పైఁబడిన దారి, రాత్రంతయు బస్సు ప్రయాణము. మనాలి సముద్రమట్టమునకు సుమారు 2,000 మీటర్ల యెత్తున నున్నది. దాని చెంత పాఱెడి బియాసు నదియే మన భారతమునందలి విపాశ. పుత్రశోకముతో వసిష్ఠుఁడు త్రాళ్లతో తన్ను బంధించుకొని అందు దుమికెననియు, నది ఆతని పాశములు విప్పి ఒడ్డున చేర్చెననియు, అందుచేతనే ఆ పేరు వచ్చెననియు కథ. అక్కడ దేవదారు వృక్షముల నడుమ 1553లో కట్టిన హిడింబ గుడి కలదు. భారతమును చదివినవానికి ఆ యూరు పరాయిది కాదు.

మఱునాఁడు సోలంగు చేరితిమి. పొడుగైన బద్దలవంటి రెండు పలకలను గట్టి బూట్లకు బిగించి, రెండు చేతులకు ఊఁతకోలలు ఇచ్చిరి. నేర్పువాఁడు ఇరువదియేండ్ల పహాడీ కుఱ్ఱవాఁడు. మొదట పడుట యెట్లో, పడి లేచుట యెట్లో, అటుపిమ్మట నిలుచుట యెట్లో చూపెను. పలకల ముందుకొనలను దగ్గఱకు చేర్చి, మడమలను వెలుపలికి త్రోయవలెను. నాఁగలివలె నున్న ఆ భంగిమచే పలకల లోపలి అంచులు మంచులో దిగి వేగము నడఁచును. జాఱు విద్యను మాత్రము ఆతఁడు చివరకుంచెను.

పిల్లలును, వారి తల్లియు శ్రద్ధగా నేర్చుచుండిరి. నాకో, ఇది చిన్నపిల్లల ఆటవలె తోఁచినది. కుఱ్ఱవాని కన్ను గప్పి వాలుననుండి కదలితిని. పది బారలు హాయిగా పోతిని. పిమ్మట వేగము హెచ్చినది. క్రింద నా కుమార్తె నావైపు వీఁపు పెట్టి కూర్చుండి బూటు బిగించుకొనుచున్నది. కేక వేయఁబోతిని, గొంతు పెగలలేదు. నిలువఁబోతిని, నిలుచుట తెలియదు. ఆ క్షణమున నేను తండ్రిని కాను, దొర్లివచ్చు బండను. నేర్పువాఁడు పరుగున వచ్చి పిల్లను ప్రక్కకు లాగెను. నేను ఆమె కూర్చున్నచోటనే బోరగిలఁబడితిని.

నాకు మోకాలు వాచుటతో సరిపోయినది. పిల్లకేమియు కాలేదు. అది కొంతసేపు వణకి, పిమ్మట నా యొడలి మంచు దులిపి, “నాయనా, ముందు నిలబడేది నేర్చుకో” అన్నది. ఆ మాటతో మనుచరిత్రము మఱల నా కన్నులయెదుట నిలిచినది. ప్రవరుఁడు మంచుకొండకు పోవుట తప్పు కాదు. పోవు ఉపాయమును కాళ్లకు పూసికొన్నాఁడు, మరలు ఉపాయమును అడుగలేదు. నేను చేసినదియు అదియే. అప్పు చేసియైన పోవుదమన్ననాఁడు చేయఁబోయినదియు అదియే. అప్పుడు నన్ను ఇల్లాలు నిలిపినది, ఇప్పుడు నేలపైఁ బడి నిలిచితిని. రెండుమాఱులును ఆపదలో పడఁబోయినది నా ఒక్కని కాలు కాదు, నా యింటివారి బ్రతుకు.

మిగిలిన రెండు దినములును నేను కూర్చుండి చూచితిని. ఏండ్ల తరబడి పొయ్యి విడిచి యెఱుఁగని మా ఇల్లాలు పలకలపై పది గజములు జాఱి, తనంతట తానే నిలిచి, చిన్నపిల్లవలె నవ్వినది. “ఇంత ఖర్చు మంచు చూచుటకేనా?” అని ఊర కొందఱడిగిరి. ఆ నవ్వు చూచుటకని వారికి నా సమాధానము.

పోఁదలఁచువారికి రెండు మాటలు. జనవరి, ఫిబ్రవరి మాసములు అనుకూలమైనవి. అయినను పడమటినుండి వచ్చు శీతకాలపు తుపానులనుబట్టి మంచు కురియును, కొన్నియేండ్లు ఆలసించును, విచారించియే బయలుదేఱుఁడు. ఉన్నికోటులు, బూట్లు, పలకలు కొనవలదు, అద్దెకు దొరకును. బేరము ముందే తేల్చుకొనుఁడు. మంచుపై ఎండ కన్నులకు చెఱుపు చేయును గనుక నల్లకంటద్దములు మఱువకుఁడు. అంతదూరము పోలేనివారు చిన్నఁబుచ్చుకొనవలదు. మదనపల్లె చెంత ఏనుగు మల్లమ్మకొండ యున్నది. పూర్వము కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర పేర దానిని హార్స్లీకొండలందురు. అది నాలుగువేల అడుగులకు పైఁబడిన చల్లని చోటు. అక్కడ పలకల ఆట లేదు. కుటుంబమంతయు చెట్టునీడను కూర్చుండి కట్టుకొని పోయిన చద్ది తిని, పొద్దుగుంకువేళ దిగిరావచ్చును.

పిల్లలారా, మీరు తప్పక పోవుఁడు, నాకన్న దూరము పోవుఁడు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు పోవు త్రోవలు చూపినది. ప్రవరుని కథవంటివానితో మరలు త్రోవను గూడ చూపినది. నేనే ఆలస్యముగా చదువుకొంటిని. మీరు ముందుగా చదువుకొనుఁడు.