ట్యాంకు నింపే ముందు

ఈ రోజు నేను మాట్లాడేది మందు కొట్టించుకునే రైతులతో కన్నా, మందు కొట్టిపెట్టే వాళ్ళతో. సొంతంగా డ్రోను కొని ఊళ్ళు తిరుగుతున్న తమ్ముళ్ళు, నమో డ్రోన్ దీదీ పథకంలో డ్రోను అందుకున్న మహిళా సంఘాల అక్కచెల్లెళ్ళు, ట్రాక్టరు స్ప్రేయర్లు అద్దెకిచ్చే కేంద్రాల వాళ్ళు, అందరూ ఒక్క నిమిషం ఇటు వినండి.

రోజుకు ఒకటి రెండు చేలు ఉన్నంతకాలం పని నోటి లెక్కతో నడిచిపోతుంది. మిరపలో నల్ల తామర పురుగు విజృంభించిందనుకోండి. 2021లో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ చూశాం కదా. ఊరంతా ఒకే సాయంత్రం ఫోన్లు చేస్తుంది. ఒకాయన ఫోన్లో చెబుతాడు, ఇంకొకాయన వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపుతాడు, మూడో ఆయన టీ కొట్టు దగ్గర భుజం తట్టి "రేపు మా చేను మర్చిపోకు" అంటాడు. తెల్లారి చేలోకి వెళ్ళే పైలట్‌కు ఇవేవీ తెలియవు. వీటన్నిటినీ ఒక్కచోట, ఒకే పద్ధతిలో రాసి పెట్టడానికే ఆర్డర్ల యాప్. డబ్బుల లెక్క చూసుకోవడానికని చాలామంది యాప్ కొంటారు. నన్నడిగితే డబ్బుల మాట తరవాత. ట్యాంకు నింపే మనిషి ఎవరికీ ఫోన్ చేయకుండా, ఆర్డరు చూసి పని మొదలుపెట్టగలగాలి. అలా ఉంటేనే అది ఆర్డరు.

ముందు విస్తీర్ణం సంగతి. ఆర్డరులో 2.20 అని ఉంది. ఎంత? గుంటూరు వైపు వాళ్ళకు రెండెకరాల ఇరవై సెంట్లు. ఖమ్మం వైపు వాళ్ళకు రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఎకరానికి సెంట్లు 100, గుంటలు 40 మరి. యాప్‌కు ఈ గొడవ తెలియదు, అది 2.2 అనే అనుకుంటుంది. అప్పుడు తెలంగాణ రైతు చేలో 12 గుంటలకు మందు తగ్గిపోతుంది. మీ బిల్లూ తగ్గుతుందనుకోండి, అది వేరే బాధ. అందుకని ఎకరాలకు ఒక గడి, గుంటలకో సెంట్లకో ఇంకో గడి విడివిడిగా పెట్టించుకోండి. గట్ల వెంట ఫోను పట్టుకుని నడిచి, హద్దు గీసుకునే వీలుంటే ఇంకా నయం. ఇక్కడే ఇంకో మాట. పాసు పుస్తకంలో ఒకరి పేరుంటుంది, చేను చేసేది కౌలు రైతు. సర్వే నంబరుతో పాటు పంట ఎవరిదో, ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయండి.

ఇక మోతాదు. మనవాళ్ళకు "లీటరుకు ఇన్ని మిల్లీలీటర్లు" అని చెప్పడం అలవాటు. వీపున వేసుకునే పంపుతో ఎకరానికి 150 నుంచి 200 లీటర్ల నీళ్ళు పడతాయి కాబట్టి ఆ మాట చెల్లింది. డ్రోనుకు ఎకరానికి 10 లీటర్ల దగ్గరే సరిపోతుంది. రైతు లీటరుకు 2 మిల్లీలీటర్లు అన్నాడని 10 లీటర్ల ట్యాంకులో 20 పోశారనుకోండి. పంపు లెక్కలో 200 లీటర్లకు 400 పడాల్సిన చోట పడింది 20! పురుగు చావదు సరిగదా, డ్రోను పనికిరాదని ఊళ్ళో మీకే పేరొస్తుంది. కాబట్టి యాప్‌లో "లీటరుకు" అన్న గడే ఉండకూడదు. "ఎకరానికి" అనే ఉండాలి. లేబుల్ మీదున్న ఎకరం మోతాదు వేస్తే, ట్యాంకుకు ఎంత పోయాలో యాప్ లెక్కగట్టి చూపించాలి. రెండున్నర ఎకరాలంటే రెండు నిండు ట్యాంకులు, ఒక సగం ట్యాంకు. ఆ సగం ట్యాంకు దగ్గరే చేయి జారుతుంది, అలవాటుకొద్దీ నిండు మోతాదు పోసేస్తారు.

మందు పేరు రాసేటప్పుడు డబ్బా మీది పెద్దక్షరాల పేరు ఒక్కటే చాలదు. కింద చిన్నక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు, దాని శాతం రాయండి. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రవంగా దొరుకుతుంది, 70 శాతం గుళికలుగానూ దొరుకుతుంది. రెండింటికీ ఒకే మోతాదు వేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. రెండు కంపెనీల పేర్లతో ఒకే మందు తెచ్చి, కలిపి కొట్టమనే రైతులూ ఉన్నారు. అసలు పేరు రాస్తే ఆ సంగతి పొలం దాకా పోకముందే బయటపడుతుంది. డబ్బా ఫోటో, బ్యాచ్ నంబరు, దుకాణం బిల్లు కూడా ఆర్డరుకు జోడించండి. రేపు మందు నకిలీదని తేలితే రైతు చేతిలో ఉండే ఆధారం అదే.

నేను చూసిన ఆర్డరు కాగితాల్లో చాలావాటిలో లేని ప్రశ్న ఒకటుంది: పక్క చేలో ఏముంది? గోదావరి జిల్లాల్లో వరి గట్టు దిగితే రొయ్యల చెరువు. పురుగుమందుల్లో చాలా వాటిని రొయ్య తట్టుకోలేదు. మదనపల్లె, హిందూపురం వైపు పక్కన మల్బరీ తోట ఉండొచ్చు. మందు పడిన ఆ ఆకు తిన్న పట్టుపురుగు బతకదు. పొద్దుతిరుగుడు పూత మీదుంటే తేనెటీగలుంటాయి. ఆర్డరు తీసుకునేటప్పుడే నాలుగు దిక్కులా ఏముందో అడిగి రాయాలి. జవాబు రాయకపోతే ఆర్డరు ముందుకు కదలకుండా యాప్‌లో అడ్డు పెట్టించండి. గాలి ఎటు వీస్తుందో చూసి, పని చేయాలో వద్దో పైలట్ అక్కడికక్కడే తేల్చుకుంటాడు. వాయిదా వేస్తే కారణం రాయాలి. వాయిదా వేసిన ఆర్డరును చెరిపేయకండి, మరుసటి రోజు జాబితాలోకి దానంతటదే రావాలి.

ఇలాంటిదే ట్యాంకు చరిత్ర. నిన్న వరిలో కలుపు చావడానికి 2,4-డి కొట్టారు. ఈ రోజు అదే ట్యాంకుతో పత్తికి వెళ్తున్నారు. అడుగున మిగిలిన కొద్దిపాటి మందు చాలు, పత్తి ఆకులు వేళ్ళలా చీలి ముడుచుకుపోతాయి. ప్రతి ఆర్డరునూ రైతుతో పాటు పరికరానికి కూడా ముడిపెడితే, ముందు రోజు ఈ ట్యాంకులో ఏముందో తెర మీద కనిపిస్తుంది. కడిగిందెవరో టిక్కు పెట్టాకే తరవాతి ఆర్డరు తెరుచుకోవాలి. అసలు కలుపు మందుకు వేరే ట్యాంకు పెట్టుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు.

పని అయిపోయాక మొదలెట్టిన సమయం, ముగించిన సమయం, గాలి, వాన రాయండి. రెండు గంటల తరవాత వాన పడి రైతు "మందు పని చేయలేదు" అంటే ఆ రెండు గంటలే మీకు సాక్ష్యం. లేబుల్‌లో ఉన్న ప్రకారం కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో లెక్కేసి, ఆ తేదీని రైతు ఫోనుకు తెలుగులో పంపించే ఏర్పాటు చేయండి. మిరపకాయ ఎగుమతికి వెళ్ళేటప్పుడు మందు అవశేషాలు పరీక్షిస్తారు. కోత తేదీ తప్పితే సరుకంతా వెనక్కి రావచ్చు.

సాఫ్ట్‌వేర్ కొనే తొందర పెట్టుకోకండి. ఒక పంట కాలం పాటు ఫోన్లో అందరూ చూడగలిగే షీట్ ఒకటి పెట్టుకుని నడపండి. మీకు ఏ గడులు కావాలో, ఏవి ఉత్త అలంకారమో అప్పుడు తెలుస్తుంది. ఆ తరవాత అమ్మేవాళ్ళను చేలోకే తీసుకెళ్ళండి. సిగ్నల్ లేని చోట ఆర్డరు తెరిచి, రాసి, మూసి చూపించమనండి. చందా మానేసిన రోజున మన రికార్డులన్నీ ఎక్సెల్ ఫైలుగా మన చేతికి వస్తాయా అని అడగండి. వస్తాయంటే కాగితం మీద రాసివ్వమనండి.