కాలు పడిపోయిన బిడ్డ గొంతు గురించి అడుగుదాం

 

కంఠసర్పి (డిఫ్తీరియా) పోలేదు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో పనిచేసినవారికి ఈ మాట నేను చెప్పనక్కర్లేదు. గొంతులో బూడిదరంగు పొర, వాచిన మెడ కనబడితే మనం గుర్తుపడతాం. గుండెకు దెబ్బ తగిలిందేమోనని ఈసీజీ తీస్తాం. పొర ఊడి, జ్వరం తగ్గి బిడ్డ ఇంటికెళ్లాక నరాల మీదికొచ్చే ముప్పే మన చూపు తప్పించుకుంటోంది.

ఆ ముప్పు చాలావరకు ఒక వరుసలో వస్తుంది. ముందు అంగిలి చచ్చుబడుతుంది. బిడ్డ ముక్కుతో మాట్లాడతాడు, తాగిన పాలు ముక్కులోంచి బయటికొస్తాయి. కొన్ని వారాలకు దగ్గరి అక్షరాలు మసకబారతాయి. కాళ్లూ చేతులూ పడిపోయేది తరచు రెండో నెలలో, ఒక్కోసారి మూడో నెలలో. ఊపిరి కండరాలు కూడా లొంగిపోతే వెంటిలేటర్ కావాలి. సూక్ష్మజీవి గొంతులోనే ఉంటుంది, ఇదంతా చేసేది దాని విషం. 1888లో శాస్త్రవేత్తలు రూ, యెర్సిన్ సూక్ష్మజీవులను వడగట్టి తీసేసిన ద్రవంతోనే జంతువులకు పక్షవాతం తెప్పించి చూపారు. ఆ విషం నరం మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. యాంటీటాక్సిన్ రక్తంలో తిరిగే విషాన్నే విరుస్తుంది, కణంలోకి చేరినదాన్ని విరవలేదు. అందుకే మొదటి రోజుల్లో ఇవ్వాలి. రెండో నెలలో ఇచ్చి ప్రయోజనం లేదు. అయితే ఆ నరం మళ్లీ కోలుకుంటుంది. ఆ కొన్ని వారాలు ఊపిరి నిలిపి, మింగలేని బిడ్డకు ట్యూబుతో ఆహారమిస్తే చాలామంది లేచి నడుస్తారు.

ఇక నిఘా సంగతి. పోలియో కోసం 1997లో మన దేశంలో అక్యూట్ ఫ్లాసిడ్ పెరాలిసిస్, అంటే ఏఎఫ్‌పీ నిఘా మొదలైంది. పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఎవరికి హఠాత్తుగా కాలో చెయ్యో మెత్తబడినా సమాచారం వెళ్లాలి, పద్నాలుగు రోజుల్లోపు రెండు మలం నమూనాలు తీయాలి. 2011 జనవరిలో హౌరాలో బయటపడ్డ కేసే వైల్డ్ పోలియోకు చివరిదని చెప్పగలిగామంటే ఈ వల వల్లే. ఇదే వలలో కంఠసర్పి పక్షవాతం పిల్లలూ చిక్కుతున్నారని 2013లో ఒక వైద్యపత్రిక ప్రచురించింది కూడా. కానీ మలంలో వైరస్ లేదని తేలగానే 'పోలియో కాదు' అని రాసి ఫైలు మూసేస్తే, ఆ బిడ్డకు ఏమైందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. దాన్ని వదిలేయడం తప్పని నా దృఢమైన అభిప్రాయం.

చాలాసార్లు ఆ బిడ్డ మీద గిలాన్-బారీ సిండ్రోమ్ అన్న ముద్ర పడుతుంది. రెండింటిలోనూ రిఫ్లెక్సులు పోతాయి, వెన్నునీటిలో కణాలు పెరగకుండా ప్రొటీన్ పెరుగుతుంది. ఆ జబ్బుకిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కోసం కుటుంబం అప్పుల పాలవుతుంది. అప్పటికి గొంతు స్వాబులో ఏమీ పెరగకపోవచ్చు. తేడా చెప్పేది తల్లి మాట: ముందు గొంతు, వారాల తర్వాత కాళ్లు. ముక్కుమాట ఒక్కటే ఉన్న బిడ్డ అసలు ఈ వలలోకే రాడు. ఇఎన్‌టీ మిత్రుల సాయం లేకుండా అతను మనకు దొరకడు.

ఆలస్యంగా దొరికితే ఏం లాభమని అడగవచ్చు. ఆ బిడ్డ ఉన్న వీధిలో రెండు నెలల కిందట కంఠసర్పి తిరిగిందని అప్పుడే తెలుస్తుంది. ఇంట్లోవాళ్ల గొంతు స్వాబులు తీయవచ్చు, యాంటీబయాటిక్ ఇవ్వవచ్చు, పదహారు నెలల తర్వాతి బూస్టరూ, ఐదేళ్ల బూస్టరూ, పదో ఏటి టీడీ టీకా ఎవరికి పడలేదో వెతకవచ్చు. కంఠసర్పి వచ్చి తగ్గిన బిడ్డకూ టీకా వేయాలి, ఆ జబ్బు నమ్మదగిన రక్షణ ఇవ్వదు.

అందుకే శిశువైద్య మిత్రులకు, ఇమ్యునైజేషన్ అధికారులకు నా విన్నపం. ఏఎఫ్‌పీ బిడ్డ కనబడితే గత మూడు నెలల్లో గొంతునొప్పి, జ్వరం వచ్చాయా అని అడగండి. అంగిలి కదులుతోందో లేదో చూసి, కేసు షీటులో రాయండి. కంఠసర్పి బిడ్డను ఇంటికి పంపేటప్పుడు, పాలు ముక్కులోంచి వస్తే వెంటనే తీసుకురమ్మని తల్లికి చెప్పి పంపండి.