ఉతుకుడులో పడిన కారు తాళపుచెవి

(లమ్తపుట్ తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

నేటి సభలో బడిని గూర్చియో, భాషను గూర్చియో మేము మాటలాడుదుమని మీరు తలచియుందురు. అవి మన సభలలో తరచుగా వచ్చు విషయములే. నేడు మేమెత్తికొనినది చూచుటకు స్వల్పమైనది; కాని మన యిండ్లలో డబ్బునకును, మనశ్శాంతికిని, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకును సంబంధించినది. జేబులో మఱచిన కారు తాళపుచెవి బట్టలతోపాటు వాషింగ్ మెషిన్‌లో పడి ఉతుకబడుటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని నిలిచితిమి. కొందఱు నవ్వుచున్నారు. నవ్విన వారిలో ఎందఱి యింట ఇది జరిగినదో మేమడుగము.

మన తాతల కాలమున తాళపుచెవి యనగా ఇనుము, లేదా ఇత్తడి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడుటకు పూర్వము ఈ కొండసీమ విశాఖపట్టణము జిల్లాలోనిదే గదా. ఆనాటి వర్తకుని కొట్టు తాళపుచెవి మొలత్రాటికి వ్రేలాడుచుండెడిది. ఇంటి తాళపుచెవుల గుత్తి ఇల్లాలి కొంగున నుండెడిది. అది నీట పడినచో గుడ్డతో తుడిచి, ఒక చుక్క నూనె వేసిన చాలును. నేటి కారు తాళపుచెవి అట్టిది కాదు. అది ఒక చిన్న యంత్రము. సంతకు సరకు తోలు బండ్లలో కొన్నిటికి ఇంకను సాదా తాళపుచెవులే యున్నవి గాని, క్రొత్తగా కొనుచున్న కార్లకు ఈ యంత్రపు తాళములే వచ్చుచున్నవి.

దానిలోపల నేమున్నదో తెలిసికొన్నచో సగము భయము తీరును. ప్లాస్టిక్ డొప్పను విప్పినచో ఒక పచ్చని పలకయు, రూపాయి బిళ్ళవంటి బ్యాటరీయు కనబడును. పెక్కింటిలో నుండు బ్యాటరీ పేరు సీఆర్ 2032. ఆ అంకెలకు అర్థము కలదు: 20 అనగా దాని వెడల్పు 20 మిల్లీమీటర్లు; 32 అనగా దాని మందము 3.2 మిల్లీమీటర్లు. దాని బలము 3 వోల్టులు. 2025 అని యున్నచో అది 2.5 మిల్లీమీటర్ల మందము గలది. కావున అంగడికి పోవునపుడు అంకె చూచికొని పోవలయును.

ఆ చిన్న డొప్పలో రెండు వేర్వేరు పనులు జరుగుచున్నవి. మీట నొక్కి తలుపులు తెఱచుట మొదటిది. అది బ్యాటరీ బలముతో జరుగును. ఈ తాళపుచెవి ఈ కారుదే యని ఇంజనుకు గుర్తు చెప్పుట రెండవది. ఆ గుర్తు చెప్పు చిప్ అను ముక్కకు బ్యాటరీతో పనిలేదు. కారులోని తీగచుట్ట నుండి వచ్చు శక్తితోనే అది మేల్కొని బదులు చెప్పును. దొంగలను అరికట్టుటకై ఈ ఏర్పాటును ఐరోపాలో క్రొత్త కార్లన్నిటికిని 1998 నుండి తప్పనిసరి చేసిరి. ఇది తెలియుటవలన లాభమేమనగా, తడిసిన తాళపుచెవి మీట పనిచేయకున్నను, కారు కదలదని అప్పుడే నిరాశ పడనక్కఱలేదు.

ఇక నీరు చేయు కీడెట్టిదో చూతము. మన ప్రక్కనే మాచ్‌ఖండ్‌లో 1955 నుండి నీటి బలము కరెంటును పుట్టించుచున్నది. ఈ చిన్న పలకమీదనో, నీరును కరెంటును కలిసి లోహమును తినివేయును. నీటిలోని లవణములు, సబ్బుపొడిలోని క్షారము కరెంటుకు దారి యిచ్చును. బ్యాటరీ లోపలనే యున్నంతసేపు రాగిగీతలు కరగి, పచ్చని చిలుము పట్టుచుండును. కావున తాళపుచెవిని చెఱచునది ఉతుకుడు మాత్రమే కాదు. ఉతికిన పిమ్మట మనము చేయు ఆలస్యము కూడను.

అందువలన తాళపుచెవి బట్టలలో దొరకిన వెంటనే చేయవలసిన పనులను వరుసగా చెప్పుచున్నాము. పనిచేయుచున్నదా యని మీటలు నొక్కి చూడవలదు. డొప్ప ప్రక్కనున్న గాడిలో నాణెమునో, చిన్న స్క్రూడ్రైవరునో పెట్టి మెల్లగా విప్పి, ముందుగా బ్యాటరీని తీసివేయవలయును; ఏ ప్రక్క పైకి ఉండెనో గుర్తుంచుకొనవలయును. సబ్బునీరు పట్టినది గనుక పలకను డిస్టిల్డ్ వాటరుతో కడుగవలయును. ఇన్వర్టరు బ్యాటరీలలో పోయుటకు అంగళ్ళలో అమ్మునది అదియే. మొబైలు ఫోనులు బాగుచేయువారి యొద్ద ఐసోప్రొపైల్ ఆల్కహాలు దొరకినచో, మెత్తని బ్రష్షుతో ఒకమారు తుడిచినచో మఱింత మేలు. పిమ్మట పొడిగుడ్డ మీద విప్పియే యుంచి, గాలి తగులు నీడపట్టున ఒక పూర్తి దినమైనను ఆరనీయవలయును. మన కొండమీద వానాకాలమున బట్టలారుటకే దినములు పట్టును గదా. ఆ కాలమున రెండు దినములు ఓపికపట్టుడు. పొయ్యిప్రక్కను, మండుటెండలోను పెట్టవలదు. పలక పూర్తిగా ఆరిన పిదప క్రొత్త బ్యాటరీ వేయవలయును; తడిసినదానిని మరల వాడరాదు.

బియ్యపు డబ్బాలో పాతిపెట్టుట మన యిండ్లలో ప్రసిద్ధమైన వైద్యము. బియ్యము గాలికంటె ఎక్కువగా ఆర్పదు. పైగా తవుడును, నూకయు సందులలో చేరును. తడిసిన ఫోనులను బియ్యములో పెట్టవలదని ఆపిల్ కంపెనీవారు 2024లో తమ సూచనలలో స్పష్టముగా చెప్పిరి. ఫోనుకు తగని వైద్యము తాళపుచెవికిని తగదు.

తీసివేసిన బ్యాటరీ విషయమున తల్లులకు ఒక గట్టి హెచ్చరిక. దానికి రెండు ప్రక్కల టేపు అంటించి పిల్లలకు అందని చోట దాచుడు. పసిబిడ్డ దానిని మ్రింగగా అది అన్నవాహికలో చిక్కుకొన్నచో, రెండు గంటలలోనే లోపల తీవ్రముగా కాల్చివేయును. వాంతి చేయింప యత్నింపక, రేపు చూతమనక, తక్షణము ఆసుపత్రికి తీసికొనిపోవలయును. ఈ ఒక్కమాట ఎవరైన మఱచినను మఱవకుండుడు.

తాళపుచెవి ఆరులోపల కారు తీయవలసి వచ్చినచో ఏమి చేయవలయును? త్రిప్పెడు తాళపుచెవియైనచో సాధారణముగా త్రిప్పిచూచిన చాలును. ఆ చిప్ చెడకున్నచో ఇంజను కదలును. మీటతో ఇంజనును నడపు కారైనచో, డొప్పలోనే సన్నని ఇనుప తాళపుచెవి ఒకటి దాగియుండును; దానితో తలుపు తెఱవవచ్చును. పిమ్మట ఆ డొప్పను స్టార్టు మీటకు, లేదా కారు పుస్తకములో చూపిన చోటునకు ఆనించి మీట నొక్కవలయును. ఆ పుస్తకమును బీరువా అడుగున పడవేయక, ఒకమారు ఆ పుటను చదివి యుంచుకొనుడు.

ఇక ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాము. తాళపుచెవి తడిసిన దినమున ఇంటిలో మొదట వినబడు ప్రశ్న యేది? “ఉతికినది ఎవరు?” అని. జేబులో పెట్టినది ఎవరని అడుగువారు అరుదు. ఇల్లాలు మాట పడుచున్నది. లేదా పనిమనిషి జీతములో కోత పడుచున్నది. ఆ కారు ఎన్నడును ఎక్కి యెరుగని స్త్రీ దాని తాళపుచెవి ధరను మోయుట ఏమి న్యాయము? మనము తరతరములుగా ఈ గడ్డమీద ఇరుగుపొరుగు వారి మంచితనముతో వర్తకము చేసికొని బ్రతుకుచున్న వారము. మన యింట పనిచేయు స్త్రీ కన్నీటితో పోయినచో, ఆ మాట సంతలో మనకంటె ముందుగా చేరును. జేబు ఖాళీచేయుట తొడిగినవాని పని, ఉతుకువారిది కాదు. ఇది ఇంటింటను నియమముగా నుండవలయును. ఉతుకు చోట ఒక చిన్న బుట్ట పెట్టి, బట్టలు విడుచువారే తాళపుచెవులును, చిల్లరయు, చీటీలును అందులో వేయుట అలవాటు చేసికొన్నచో తగవునకు తావుండదు.

రెండవ తాళపుచెవి మాటయు చెప్పవలయును. కారుతో రెండు ఇచ్చెదరు. ఆ రెండవది ఎక్కడ నున్నదని అడిగినచో యజమానికి తప్ప ఇంకెవరికిని తెలియదు. ఒక్కొక్కచో యజమానికే తెలియదు. సంతలో తాళపుచెవులు కోయువాడు ఇనుపముక్కను కోయగలడు గాని, తగిన యంత్రము లేనిదే గుర్తు చెప్పు చిప్‌ను కారుకు నేర్పలేడు. అందుకై బండి రిజిస్ట్రేషను కాగితములును, గుర్తింపు కార్డును పట్టుకొని జయపురమో, విశాఖపట్టణమో పోవలసియుండును. కదలని కారును కొండదారుల వెంట లాగించుట వేఱొక వ్యయము. కారు దొంగిలింపబడినచో భీమా కంపెనీలు రెండు తాళపుచెవులను చూపుమని అడుగుట సాధారణము. కావున అది మూలపడవేయు వస్తువు కాదు, దస్తావేజుతో సమానము.

నడిరాత్రి ఇంటిలో పెద్దవారికి గుండెనొప్పి వచ్చినదనుకొనుడు. 108 బండికి కబురు చేయవలసినదే; కాని అది వచ్చులోపల కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్యకళాశాల ఆసుపత్రికి మనమే బయలుదేరవలసి రావచ్చును. కారు ఉన్నది, నడుపగల కుమారుడున్నాడు. తాళపుచెవి మాత్రము తండ్రి తడిసిన ప్యాంటులో నున్నది. రెండవది ఎక్కడనో ఇల్లాలికి చెప్పియుండలేదు. అట్టి రాత్రి మనలో ఎవ్వరికిని రాకూడదు.

పూర్వము గుత్తి కొంగున నుండెడిది గనుక ఏ తాళపుచెవి ఎక్కడ నున్నదో ఇల్లాలికి తెలిసియుండెడిది. ఆ పెత్తనమును మనము కారు విషయమున ఆమెకు తిరిగి అప్పగింపవలసియున్నది. నేటి రాత్రియే రెండవ తాళపుచెవిని వెదకి, అది పనిచేయుచున్నదో లేదో చూచి, ఇంటివారందఱ యెదుట ఇల్లాలి చేతికి ఇండని మా ప్రార్థన. వచ్చువారము సభలో ఎందఱు ఇచ్చిరో తల్లులనే అడిగెదము.