అన్నదమ్ముల దుకాణానికి ఒక కాగితం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్న వ్యాపారం మొదలుపెట్టేవారు దాన్ని చట్టప్రకారం ఏ రూపంలో పెట్టుకోవాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. మేము వకీళ్లం కాము, ఆడిటర్లమూ కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయితే పిల్లల తండ్రులు కాగితాలు చేతబట్టుకొని "మాస్టర్ సాబ్, ఇది కాస్త చదివి చెప్పండి" అని వస్తుంటారు. అలా చదవగా చదవగా తెలిసిన సంగతులే ఇవి.

ముందుగా ఒక అపోహ. మునిసిపాలిటీ లైసెన్సు, జీఎస్టీ నంబరు, ఉద్యమ్ సర్టిఫికెట్ చేతికి రాగానే "మా కంపెనీ రిజిస్టర్ అయింది" అనేస్తారు. ఏ కంపెనీ కాలేదు. అవి అనుమతులు, గుర్తింపులు. ఉద్యమ్ నమోదు 2020 జూలై 1న మొదలైంది, అది ఉచితం. దానికి ఫీజు అడిగేవాడికి ఒక్క రూపాయి ఇవ్వవద్దు. ఈ కాగితాలన్నీ ఉన్నా, ఒక్కడి పేరున నడిచే దుకాణం చట్టం దృష్టిలో ఆ మనిషే. దుకాణం అప్పు ఇంటి మీదికి వస్తుంది. మనిషి పోతే దుకాణమూ ఆగుతుంది, బ్యాంకు ఖాతా వారసుల కాగితాల కోసం ఎదురుచూస్తుంది. అయినా ఒంటరిగా టీ బండి, టైలరింగు, పంక్చర్ల షాపు పెట్టుకునేవాడికి ఇదే సుఖం. లెక్క సులువు, ఖర్చు తక్కువ.

చిక్కంతా కలిసి చేసేచోట వస్తుంది. మన ఇళ్లలో ఒంటరి వ్యాపారాలు ఎన్ని? పేరు ఒకరిది, చెమట ముగ్గురిది, డబ్బు నలుగురిది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పక్క దుకాణం శెట్టిగారి కుటుంబానికి హిందూ అవిభక్త కుటుంబం అనే ఏర్పాటు ఉంది. ఆదాయపు పన్నువారు కూడా దాన్ని వేరే వ్యక్తిగా లెక్కిస్తారు. మనకు అది లేదు. మన షరీఅత్ చట్టంలో కొడుక్కి పుట్టుకతో తండ్రి ఆస్తిలో హక్కు రాదు. తండ్రి పోయిన తరువాతే వాటా. ఒకే వంట, ఒకే గల్లా అయినంత మాత్రాన ముస్లిం కుటుంబం వ్యాపారం ఉమ్మడి అని కోర్టు అనుకోదు. ఉమ్మడి అన్నవాడే రుజువు చూపాలి.

దీని ఫలితం చూడండి. పెద్దకొడుకు పదో తరగతితో చదువు మాని అబ్బాజాన్ పరుపుల దుకాణంలో 20 ఏళ్లు దూది మోశాడు. చిన్నవాడు ఇంజనీరై బెంగళూరు వెళ్లాడు. దుకాణం తండ్రి పేరుననే ఉంది. తండ్రి కన్నుమూశాక ఇద్దరి వాటా సమానం. అక్కచెల్లెళ్లకు అందులో సగం చొప్పున, అమ్మకు 8వ వంతు. వారసత్వం విషయంలో అది న్యాయమే, దాన్ని ఎవరూ కాదనరాదు. కాని పెద్దవాడి 20 ఏళ్ల కష్టం ఏ లెక్కలోకి వచ్చింది? తండ్రికి సాయం చేశాడు అనే లెక్కలోకి. తండ్రి బతికి ఉండగానే అతణ్ణి రాతపూర్వకంగా భాగస్వామిని చేసి ఉంటే అతని వాటా అతనికి విడిగా నిలిచేది, మిగిలినదే వారసులకు పంపకం అయ్యేది. ఇది చిన్నకొడుకు మీద కోపంతో చెప్పేది కాదు, తండ్రులకు చెప్తున్నాం.

ఇంకొకటి గల్ఫ్ సొమ్ము. తమ్ముడు రియాద్ నుంచి పదేళ్లు డబ్బు పంపాడు, అన్న ఇక్కడ దుకాణం నడిపాడు. ఆ డబ్బు ఖర్జా? హిబానా? పెట్టుబడా? ఖర్జ్ అయితే పంపినంతే తిరిగి ఇవ్వాలి. హిబా అయితే చేతికి అందిన రోజే అన్నది అయిపోయింది. పెట్టుబడి అయితే లాభంలో వాటా, నష్టంలో కూడా వాటా. పంపినప్పుడు ఎవరూ అడగరు, "భాయ్‌జాన్ ఉన్నాడుగా" అనుకుంటారు. తమ్ముడు తిరిగి వచ్చాక ఒకరు ఖర్జ్ అంటారు, ఒకరు హిబా అంటారు, ఈద్ నాడు కూడా మాటలుండవు. అప్పు లావాదేవీలు రాసుకోమని ఖురాన్ షరీఫ్‌లో ఉన్న ఆజ్ఞ సూరె బఖరాలోని 282వ ఆయత్. ఖురాన్ అంతటిలో అతి పొడవైన ఆయత్ అదే. మనవాళ్లకు మాత్రం సొంత అన్న దగ్గర కాగితం అడగడం బేఅదబీ!

ఇందుకు 1932 నాటి భాగస్వామ్య చట్టం ఉంది, నేటికీ నడుస్తున్నది. ఇద్దరుంటే చాలు. నోటిమాటతో కూడా భాగస్వామ్యం ఏర్పడుతుంది, అదే ప్రమాదం. వాటాలు మాట్లాడుకున్నట్టు రుజువు లేకపోతే 13వ సెక్షన్ ప్రకారం లాభనష్టాలు సమానం. పది లక్షలు పెట్టినవాడికీ రెండు లక్షలు పెట్టినవాడికీ ఒకటే. కనుక స్టాంపు కాగితం మీద రాసుకొని జిల్లా రిజిస్ట్రారు వద్ద సంస్థను నమోదు చేయించాలి. నమోదు తప్పనిసరి కాదుగాని, లేకపోతే 69వ సెక్షన్ అడ్డం వస్తుంది: మనకు బాకీ ఉన్నవాడి మీద ఆ సంస్థ దావా వేయలేదు. మనం బాకీ ఉన్నవాడు మాత్రం నిక్షేపంగా వేస్తాడు.

ముజారబత్ పద్ధతిలో ఒకరి డబ్బు, ఒకరి శ్రమ పెట్టుకోవచ్చు. లాభం ఒప్పుకున్నట్టు పంచుకొని, సొమ్ము నష్టం డబ్బు పెట్టినవాడే భరించాలని రాసుకోవచ్చు. అది మన మధ్య చెల్లుతుంది. బయటి అప్పులవాడికి చెల్లదు; అతడు ఏ భాగస్వామి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చునని 25వ సెక్షన్ చెప్తుంది.

టైపు చేసేవారి నమూనాలో "పెట్టుబడి మీద ఏటా 12 శాతం వడ్డీ" అనే వాక్యం తరచు కనిపిస్తుంది. పన్ను లెక్కలో అంతవరకు ఖర్చుగా ఒప్పుకుంటారు గనక అలా పెడతారు. అది తప్పనిసరి కాదు. వడ్డీ వద్దనుకునేవారు ఆ వాక్యం తీసివేయించి, పనిచేసే భాగస్వామికి జీతం, మిగతాది లాభం వాటా అని రాయించుకోవచ్చు. జీతం మాట రాతలో ఉంటేనే పన్నువారు ఒప్పుతారు. మేము చదివిన కాగితాల్లో హాజీలు కూడా చూడకుండా సంతకం చేసిన వాక్యం ఇది.

ఇక మరణం. వేరే షరతు లేకపోతే ఒక భాగస్వామి చనిపోగానే సంస్థ రద్దవుతుంది. "సంస్థ కొనసాగును" అని రాసుకోవచ్చు, కాని ఇద్దరే ఉంటే ఆ షరతు పనికిరాదు, ఒక్కడితో భాగస్వామ్యం ఉండదు గనుక. ముగ్గురుంటే నిలుస్తుంది. మూడోవారు భార్యో, అక్కో ఎందుకు కాకూడదు? హజ్రత్ ఖదీజా (ర.అ.) సొమ్ముతో వ్యాపారానికి వెళ్లిన ప్రవక్త (స) ఉమ్మత్‌లో ఇది వింత కాదు. అయితే అప్పుల బాధ్యత కూడా ఆమె మీద ఉంటుందని చెప్పిన తరువాతే సంతకం పెట్టించాలి. మైనరు పిల్లలను లాభాలకు మాత్రమే చేర్చవచ్చు. చనిపోయినవారి వాటా లెక్క తేల్చకుండా మిగిలినవారు వ్యాపారం సాగిస్తే, ఆ సొమ్ముకు వచ్చిన లాభం అడిగే హక్కు భార్యాబిడ్డలకు 37వ సెక్షన్ ఇస్తుంది. ఇద్దత్‌లో కూర్చున్న భాభీకి ఈ మాట ఎవరు చెప్తారు? అందుకే ఏటా లెక్క తేల్చి, వాటా విలువ రాసి, ఒక ప్రతి ఆమె దగ్గర ఉంచమంటాం.

పరిమిత బాధ్యత గల భాగస్వామ్యం 2008 చట్టంతో వచ్చింది, ఏకవ్యక్తి కంపెనీ 2013 చట్టంతో. ప్రైవేటు కంపెనీకి ఇద్దరు చాలు. వీటిలో వ్యాపారం అప్పు సాధారణంగా ఇంటిదాకా రాదు. కాని వ్యాపారం లేని ఏడు కూడా రిటర్నులు దాఖలు చేయాలి, ఆలస్యమైతే అపరాధ రుసుము. కంపెనీకి ఆడిట్ తప్పదు. పైగా బ్యాంకు అప్పుకు సొంత హామీ అడిగితే ఇల్లు మళ్లీ చిక్కుకున్నట్టే. లారీలు తిప్పేవారు, పెద్ద అరువు మీద సరకు తెచ్చేవారు ఆ దారి ఆలోచించాలి. అన్నదమ్ముల దుకాణానికి నమోదైన భాగస్వామ్యం సరిపోతుందని మా అభిప్రాయం.

సంతకానికి ముందు ఆ కాగితాన్ని ఒకసారి ఇంట్లో, అమ్మ, భార్యలు వింటుండగా, ఇంటి భాషలో పైకి చదవండి. చదివేవారు లేకపోతే ఆదివారం అసర్ నమాజు తరువాత సంఘం ఆఫీసుకు తీసుకురండి, మేము అక్కడే ఉంటాం. అసలు వద్దు, జిరాక్స్ చాలు.